ఒక మాట ఎక్కువైంది

“ఇంకాస్త స్పీడు పెంచు బాబూ! రేపల్లెలో పందిట్లో జనం కూర్చునున్నారు. మేం రైలెక్కాలి,” సుబ్బారావు తొందరపెట్టాడు.

“ఒక్కసారే పెంచితే ప్రాసెసర్ కాలిపోద్ది బాబాయ్. కొంచెం పెంచాలి, ఆగాలి, వేడి చూడాలి. తట్టుకుంటే మళ్ళీ కొంచెం,” అన్నాడు రాజీవ్. తెనాలిలో పెళ్ళి వీడియోలు చేసుకునే అతనికి ఫోటోల చేత మాట్లాడించే పని కొత్త. ఆ పనికి అతని కంప్యూటరు ముసలెద్దులా మొరాయిస్తోంది.

తెర మీద ఉన్నది సుబ్బారావు అన్న మస్తాన్‌రావు ఫోటో. ఒంటరిగా చేపల వేటకెళ్ళాడట. ఖాళీ పడవ తిరిగొచ్చింది, మనిషి రాలేదు. శవం కూడా దొరకలేదు. సుబ్బారావు అప్పుడు బాపట్లలో ఏదో పెళ్ళిలో ఉన్నాడట. ఇవాళ పెద్దదినం. అన్న గొంతున్న ఫోన్ మెసేజీ తెచ్చి, అన్న చేత చెప్పించాల్సిన మాటలు కూడా తానే రాసిచ్చాడు: “నా పడవ తమ్ముడికి. నా భార్యని వాడే చూసుకుంటాడు. ఇక సెలవు.”

అది కంప్యూటర్ బొమ్మేనని అందరికీ తెలుసు. అయినా ఏడుపుల మధ్య చనిపోయినవాడి గొంతు వినబడితే కాదనే పెద్దమనిషి ఉండడు. పడవ చేతులు మారిపోతుంది. మస్తాన్‌రావు భార్య నాగమల్లేశ్వరికి మిగిలిన బతుకుతెరువు ఆ పడవే. పాపం, మొగుడి గొంతు ఒక్కసారి వినొచ్చని వెంట వచ్చి, మూల కుర్చీలో బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

రాజీవ్ స్పీడు పెంచాడు. వేడి పెరగలేదు, తగ్గింది. మళ్ళీ పెంచాడు. ఇంకా తగ్గింది. లెక్క తప్పు చూపిస్తోందేమోనని కంప్యూటర్ కేబినెట్ మీద చెయ్యి వేసి ఉలిక్కిపడ్డాడు. ఐసుపెట్టెలా ఉంది. వేళ్ళకి తడి అంటింది. ఎందుకో వాసన చూశాడు. సముద్రపు నీళ్ళ వాసన. చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు.

“ఆపేద్దాం బాబాయ్. వేడెక్కితే ఏం చెయ్యాలో తెలుసు గానీ, ఇట్టా చల్లబడితే ఏం చెయ్యాలో నాకు తెలీదు.”

“అయిపోవచ్చింది కదా, కానీయ్!”

వీడియో తయారైంది. ఫోటోలో పెదాలు కదిలాయి. మస్తాన్‌రావు గొంతు రాసిచ్చిందంతా అప్పజెప్పింది. “ఇక సెలవు” అన్నాక ఒక్క క్షణం ఆగింది. బొమ్మ నవ్వింది. “వెళ్ళొస్తా” అంది.

సుబ్బారావు మొహం మాడిపోయింది. “చావింటికొచ్చిన చుట్టాలే ఆ మాట అనకుండా వెళ్ళిపోతారు. చచ్చినోడి నోట అనిపిస్తావా? తీసెయ్!”

“నేను పెట్టలేదండి! స్పీడు మరీ ఎక్కువైతే ప్రాసెసర్ తప్పులు చేస్తది. మామూలు స్పీడుకి తెచ్చి, చివరి ముక్క మళ్ళీ చేస్తానుండండి.”

స్పీడు తగ్గించాడు. కేబినెట్ మాత్రం చల్లగానే ఉంది. ఇప్పుడు టేబుల్ మీదికి నీళ్ళు కారుతున్నాయి. రాజీవ్ వాటిని గుడ్డతో తుడుస్తుండగానే చివరి ముక్క మళ్ళీ వచ్చింది.

“ఇక సెలవు.” నవ్వు. “వెళ్ళొస్తా.”

ఈసారి బొమ్మ కళ్ళు సుబ్బారావు నిలబడ్డ వైపు తిరిగాయి. అతను జరిగాడు. అవీ జరిగాయి.

నాగమల్లేశ్వరి కుర్చీలోంచి లేచింది. “అది కంప్యూటర్ తప్పు కాదు తమ్ముడూ, మా ఆయన మాటే,” అంది రాజీవ్‌తో. “గడప దాటితే ఆ మాట అనకుండా వెళ్ళేవాడు కాదు. ఆఖరికి సముద్రంలో మునిగేటప్పుడు కూడా నన్ను తలుచుకుని అదే అనుంటాడు.” ఇన్నాళ్ళూ ఆపుకున్న ఏడుపు కట్ట తెంచుకుంది.

“అనలేదు!” గోడకి అతుక్కుపోయి అరిచాడు సుబ్బారావు. “ఆ మాట అనలేదు వదినా! నేను తోసినప్పుడు ‘ఒరే తమ్ముడూ’ అన్నాడంతే!”