పంపు ఆపి చూడు

బావి మళ్లీ పేలిపోయింది.

తెర నిండా ఎర్రటి మంట. సిబ్బందిలో ఒక్కరూ మిగల్లేదని కింద తెల్ల అక్షరాలు. ఈ ఆదివారం మధ్యాహ్నం ఇది నాలుగోసారి. ఆయన జాయ్‌స్టిక్ ఒళ్లో పెట్టుకుని తల దించుకున్నాడు.

"ఏంటి బావా, అక్కడ కూడా ఇలాగే తగలెడుతున్నావా?" అన్నాడు సోఫాలో కాళ్లు చాపుకున్న బావమరిది. తమ్ముణ్ణి కసిరింది గానీ భార్యకీ నవ్వాగలేదు.

నవ్వు రాకేం చేస్తుంది? వీధి మొత్తానికి ఆయన డ్రిల్లరు గారు. ఇస్త్రీ అతను మొదలు మందుల షాపాయన దాకా అలాగే పిలుస్తారు. నెల రోజులు సముద్రం మధ్య చమురు బావులు తవ్వే రిగ్గు మీద, నెల రోజులు ఇంట్లో. ఇరవై రెండేళ్లుగా అదే వరస. అలాంటి మనిషి ఆటలోని బొమ్మ రిగ్గుని పట్టుమని పది నిమిషాలు నిలబెట్టలేకపోయాడు.

"మా దగ్గర మీటలు ఇలా ఉండవురా," అన్నాడు. ఆ మాట ఆయనకే అతకలేదు.

ఆట కూతురిది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. మర్నాడు ఒక డ్రిల్లింగు కంపెనీలో ఉద్యోగానికి పరీక్ష. అక్కడా ఇలాంటి తెర ముందే కూర్చోబెట్టి యంత్రాలు నడిపించి చూస్తారు. తప్పితే మళ్లీ రెండేళ్ల దాకా పిలవరు. నెలరోజులుగా తన పాటికి తను ఆడుకుంటూ నేర్చుకుంటోంది. ఇంట్లో డ్రిల్లర్ని పెట్టుకుని నీ తంటాలు నువ్వు పడటమేంటే అని, జాయ్‌స్టిక్ లాక్కుని ఆయన చేతిలో కుక్కింది మామయ్యే.

"ఇటివ్వు నాన్నా. నీ చేతులకి మరీ చిన్నది," అంది కూతురు.

ఇచ్చేసి చేతులు వెనక్కి లాక్కున్నాడు. నానీ నానీ తెల్లబడిన వేళ్లు, గోళ్ల పక్కన పగుళ్లు. అంతా ఆ డ్రిల్లింగు బురద వల్లేనని భార్య అందరికీ చెప్పుకుంటుంది. ఆయన ఏనాడూ కాదనలేదు.

"నేను నొక్కుతాను. నువ్వు చూసినవీ విన్నవీ చెప్పు, చాలు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు.

"గట్టిగా ఉన్న నేల ఉన్నట్టుండి వెన్నలా దిగిపోతోందనుకో, సంబరపడకు. పంపు ఆపి చూడు. పంపు ఆగాక కూడా బురద పైకి తన్నుకొస్తుంటే కింద గ్యాసు తోస్తున్నట్టే. ఇక ఆలోచించకు. బావి మూసెయ్."

"పెద్ద సారుని అడక్కుండానా?"

"అడక్కుండానే. మా దగ్గర ఒకాయన అలాగే మూసేశాడు. తీరా చూస్తే ఏమీ లేదు. పెద్ద సారు కోప్పడతాడని అన్నం కెలుకుతూ కూర్చున్నాడు పాపం. ఆ సారొచ్చి ఎదురుగా కూర్చుని, నువ్వు వందసార్లు ఉత్తినే మూసినా నేనేమీ అనను, మూయాల్సినప్పుడు మూయకపోతే అనడానికి నేనుండను అన్నాడు."

"ఆ పూట నువ్వెక్కడున్నావు బావా?" అన్నాడు బావమరిది.

"అక్కడే ఉన్నా. పక్కనే."

కూతురు తెర వైపు తిరిగి ఆట మళ్లీ మొదలుపెట్టింది. తెర మీద తవ్వే వేగం చూపే ముల్లు ఎగరగానే పంపు ఆపింది, చూసింది, మూసింది. బావి నిలబడింది. అనుభవమంటే ఇదీ అని మామయ్య చప్పట్లు కొట్టాడు. భార్య గర్వంగా చూసింది. ఓడినప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ సిగ్గేసింది ఆయనకి. మంచినీళ్ల వంకతో వంటింట్లోకి పోయి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

కూతురు ఇదివరకు ఇలా ఉండేది కాదు. ఫోను చేసినప్పుడల్లా "ఇవాళ ఎంత లోతు తవ్వావు నాన్నా?" అని అడిగేది. పోయినేడు తల్లికి జ్వరం ముదిరినప్పుడు ఒకసారి రిగ్గు ఆఫీసుకే ఫోను చేసి, ఆయన పేరు చెప్పి డ్రిల్లర్ని పిలవమంది. ఆయన్ని వెతికి పిలవడానికి వాళ్లకి చాలాసేపు పట్టింది. అప్పట్నుంచీ "తిన్నావా?" అని మాత్రమే అడుగుతోంది. పెద్దదైపోయింది, ఆసక్తి తగ్గింది అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్న బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. రెండు స్టాపులు దాటాక ఆయన నోరు విప్పాడు.

"నీకొక మాట చెప్పాలమ్మా. ఎప్పుడో చెప్పాల్సింది."

"పరీక్షయ్యాక చెబుదువులే నాన్నా," అని కిటికీలోంచి బయటికి చూసింది.

పరీక్ష గది తలుపుకి అద్దం ఉంది. వరండాలో నిలబడి అందులోంచి చూశాడు. ఆమె ముందు మూడు తెరలు, నిజం రిగ్గులో లాంటి మీటలు. ముల్లు ఎగిరింది. పంపు ఆపింది. చూసింది. పక్కన నిలబడ్డ పరీక్షకుడి మొహం వైపు తిరిగైనా చూడకుండా బావి మూసేసింది.

కాసేపటికి పరీక్షకుడు ఫైలు పట్టుకుని వరండాలోకి వచ్చాడు.

"మీరేనా ఆ అమ్మాయి నాన్నగారు? ఇవాళ పదకొండుమంది వచ్చారండి. నన్ను అడక్కుండా మూసింది మీ అమ్మాయొక్కతే. ఎవరు నేర్పారమ్మా అంటే మా నాన్న అంది."

ఆయన నేల చూపులు చూశాడు. చెప్పేస్తే ఈ క్షణమే చెప్పేయాలి.

"సముద్రం మీది ఉద్యోగం కదండీ, ఇంట్లోవాళ్ల సంతకం కావాలి. అంతా ఒకసారి చదువుకుని పెట్టండి," అంటూ పరీక్షకుడు ఫైలు తెరిచి పెన్ను అందించాడు.

మూడు నెలల కిందటి తేదీ వేసి ఉన్న ఆ దరఖాస్తు మొదటి పేజీలో, తండ్రి వృత్తి అన్నచోట, కూతురి గుండ్రటి అక్షరాలు ఇలా ఉన్నాయి: రిగ్గు భోజనశాలలో గిన్నెలు కడగడం, ఇరవై రెండేళ్లుగా.