రెండో కెమెరా

ఏ కెమెరాతో సినిమా తీయాలో తేల్చడానికి రెండు తెప్పించి, హీరోయిన్‌ని ఎదురుగా కూర్చోబెట్టి టెస్ట్ షూట్ చేశాం. ఆవిడ డైరెక్టర్‌ గారి భార్యే.

మొదటి కెమెరా రాక్షసి. క్లోజప్‌లో పెదవి మీద నూగు కూడా లెక్కపెట్టొచ్చు. మానిటర్‌లో ముఖాన్ని ఇంకా పెద్దది చేశాను. మామూలు కంటికి ఆనలేదు గానీ, ఎడమ కంటి కింద మేకప్ అడుగున నీలంగా కమిలి ఉంది. దాని పక్కనే ఉంగరం రాయి గీసుకుపోయిన గాటు.

డైరెక్టర్ నా వెనక నిలబడి ఉంగరం తిప్పుకుంటున్నాడు.

"ఏమంటావ్? ఏది తీసుకుందాం?"

పదేళ్లు పెళ్ళి వీడియోలు తీసి తీసి చేతులరిగాక దొరికిన మొదటి సినిమా ఇది. మానిటర్‌లో ముఖాన్ని మళ్ళీ చిన్నది చేశాను.

"రెండోది సార్. మొదటిది మరీ మొరటు. దీంట్లో ముఖం వెన్నముద్దలా వస్తుంది."

"పనొచ్చురా నీకు!" భుజం తట్టి, ఫోన్ మోగితే బయటికెళ్ళాడు.

మొదటి కెమెరాలో తీసిందంతా చెరిపేస్తుంటే హీరోయిన్ లేచి నా పక్కకొచ్చింది.

"నీ కెమెరాకి దొరకాలనే ఇవాళ మేకప్ పల్చగా వేయించుకున్నాను," అంది మెల్లగా. "కనబళ్ళేదా, అన్నయ్యా?"