తోక లేని అతుకు

ఆ పాత కారు ముందు చట్రాన్ని మేస్త్రీ సుత్తితో తడితే ఎర్రటి పొడి రాలింది. మలుపులో విరిగి, కారు యజమానిని పొట్టన పెట్టుకున్నది ఈ చట్రమే.

"తుప్పు తియ్యకుండా లోపల గోనెగుడ్డ కుక్కి, పైన రేకు అతికించాడమ్మా! ఏ చేతకాని వెధవో," అన్నాడు, పక్కనే నిలబడ్డ యజమాని కూతురితో.

ఆమె అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "మీరు గట్టిగా చెయ్యండి బాబాయ్. ఇక నడపాల్సింది నేనే."

మధ్యలో ఒక ముక్క చెప్పాలి. మేస్త్రీ తన వెల్డింగు అతుకు చివర తన గుర్తుగా తోకలాంటి చిన్న వంపు తిప్పుతాడు. ఊళ్లో ఇంకెవరికీ అది చేతకాదు. పరామర్శకు వెళ్లిన ఇంట్లో కూడా ఆ గొప్పే చెప్పుకునేవాడు.

ఆమె వెళ్లాక, రేకు మీద ఏళ్ల మట్టి గీకేసరికి ఆ తోకే బయటపడింది. గబగబా గ్రైండరు పెట్టి అరగదీశాడు.

వారంపాటు ఒళ్లు వంచి, కుళ్లిందంతా కోసేసి కొత్త ఉక్కు వేశాడు. ఈసారి తోక తిప్పలేదు.

కారు తీసుకోవడానికి వచ్చిన ఆమె వంగి అతుకును వేలితో తడిమింది.

"తోక పెట్టలేదేం బాబాయ్? పోయినసారి నాన్న దాన్ని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించి మురిసిపోయాడు."