ఒక్కటే ఇస్తరాకు

"నా ప్రోగ్రాంల చెయ్యి పెట్టింది నువ్వే కదరా వీరేందర్!"

ఉపేందర్ అరుపుకి శంషాబాద్ క్యాబుల ఆఫీసు అద్దాలు అదిరాయి. నెత్తి మీద దిగుతున్న విమానం కూడా చిన్నబోయింది.

"అరే, నేను ముట్టలేరా," అన్నాడు పక్క కుర్చీలోని వీరేందర్.

ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన రోజులవి. పొద్దున డ్రైవర్ చెన్నయ్య ఒక్కడే రాజేంద్రనగర్ పోయాడు. కంప్యూటర్‌లో ఉపేందర్ రాసిన ప్రోగ్రాం మాత్రం డ్రైవర్లంతా రాజేంద్రనగర్‌లోనే ఉన్నారంది. బయట క్యాబులు బారులు తీరాయి, తెర మీద 'ఖాళీ లేదు'. విమానం దిగినవాళ్లు క్యాబు ఎక్కలేక ఎక్కిళ్లు పెట్టారు. మేనేజర్ దశరథం, "సాయంత్రంకల్లా తప్పు ఎవనిదో తేలాలె. వాడు ఇగ ఇంటికే!" అని ఉరిమి పోయాడు.

ఇద్దరిదీ కొత్వాల్‌గూడే. వచ్చేది ఒకే బండి మీద. ప్రోగ్రాం భాషలో డబ్బాల వరసని 'అరే' అంటారు. అరేలో అరే పెట్టే కొలువు గనక ఒకరినొకరు అరే అనే పిలుచుకునేవారు. ఉపేందర్‌ని ఇక్కడ చేర్పించింది కూడా వీరేందరే.

"దోస్తువని నమ్మితే నా కొలువే దోచుకుంటున్నవ్. ఇంత మోసమా!" ఉపేందర్ బల్ల గుద్దాడు.

వీరేందర్ కుర్చీ జరుపుకుని ఉపేందర్ తెరని పైనుంచి కిందికి చదివాడు. చివరికి నవ్వాడు.

"జర చూడు. ఒక్కో డ్రైవర్‌కి ఒక్కో లోపలి డబ్బా ఉండాలె. నువ్వు ఒక్కటే చేసి అందరికీ అదే అంటగట్టినవ్. బంతి భోజనంల అందరికీ కలిపి ఒక్కటే ఇస్తరాకు ఏసినట్టు. చెన్నయ్యకు వడ్డిస్తే అందరి ముంగట కనవడదా?"

ఉపేందర్ మొహం మాడిపోయింది. "అంటే... తప్పు నాదేనా?"

"ఇగ ఎవలిది?"

డబ్బా తయారుచేసే లైనుని వీరేందర్ ఒక్కో డ్రైవర్‌కి ఒక్కోసారి నడిచే లూపు లోపలికి జరిపాడు. ఖాళీ క్యాబులన్నీ తెర మీద కళకళలాడాయి.

ఉపేందర్ దోస్తు చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "మాఫ్ చెయ్యిరా. నోటికొచ్చినట్టు తిట్టిన."

"గంతే కదా, ఇడిసెయ్. చాయ్ తెస్త," అని వీరేందర్ బయటికి పోయాడు.

అంతలో దశరథం రానే వచ్చాడు.

"బాగైందా? శభాష్! ఇంతకీ తప్పు ఎవలిది?"

అద్దం అవతల వీరేందర్ రెండు చాయ్‌లు పట్టుకుని నవ్వుకుంటూ వస్తున్నాడు.

"వీరేందర్‌ది సార్," అన్నాడు ఉపేందర్.