కోడుమూరు వాడలో సువార్త

"ఈళ్లకు సబ్బంటే ఏందో తెలీదప్పా. ముందు స్నానం నేర్పించల్ల, సువార్త తర్వాత," అంటూ దావీదురాజు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

1938 వేసవి. కర్నూలు విద్యార్థుల క్రైస్తవ సంఘానికి అతడు కార్యదర్శి. ఆ ఆదివారం ప్రచారానికి కోడుమూరు దగ్గరి ఈ వాడను ఎంచుకున్నది అతడే. వెంట వచ్చిన ఏసేపు తన తండ్రి బద్వేలులో పంతులని హాస్టల్లో అందరికీ చెప్పుకున్నాడు. పుట్టింది మాత్రం ఎదురుగా ఉన్న గుడిసెలోనే.

గుడిసెలోంచి అతని తల్లి విశ్వాసమ్మ బయటికొచ్చింది. కొడుకును చూడగానే ఆమె ముఖం వెలిగింది.

"దూరంగా నిలబడు. కంపు కొడతాండావు," అన్నాడు దావీదురాజు.

ఆమె ఏసేపు ఇస్త్రీ చొక్కా వంక చూసింది. రెండడుగులు వెనక్కి వేసి, "మీరు ఏ ఊరోళ్లు సామీ?" అని కొడుకునే అడిగింది.

తన పరువు కోసమే అమ్మ తనను ఎరగనట్టు నటిస్తోందని ఏసేపుకు అర్థమైంది. దావీదురాజు మీద అప్పటిదాకా ఉన్న ఏవగింపు తన మీదికే తిరిగింది.

చేతిలోని కీర్తనల పుస్తకాన్ని దావీదురాజుకు ఇచ్చేశాడు.

"ఈ ఊరేనమ్మా. నీ కొడుకును," అన్నాడు. "ఆకలైతాండాది, సంగటి ఉండాదా?"

విశ్వాసమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని దావీదురాజు వంక చూసింది.

"ఉండాది నాయనా. ఆ అప్పను గూడా రమ్మను."