సత్రం గోడలు

"ఇంకో దెబ్బ వేశావంటే ఇల్లు మన నెత్తినే కూలుతుంది ఐవీ!" అని అరిచాడు భర్త సిరిల్.

ఐవీ వినిపించుకోలేదు. సుత్తి ఎత్తి మళ్ళీ కొట్టింది. ఉన్ని ఉండలు పేర్చిన అరల వెనక గోడపెళ్ళలు దబదబా రాలాయి. కొట్టు నిండా సున్నపు దుమ్ము.

"ఎలాగూ కూలగొడతారుగా! ఇంటాయనకి కార్లు నిలిపే జాగా కావాలట. లండన్ గుర్రబ్బండ్లు ఆగిన సత్రమయ్యా ఇది, ఆ కమాను కిందనుంచే లోపలికి వచ్చేవి అంటే నవ్వాడు. వీధివైపు ఇటుకలు చూపించి, నిన్నగాక మొన్న కట్టిందేగా అన్నాడు."

"నవ్వడా మరి? చూసేవాడికి అలాగే ఉంది."

"లోపల పాతకాలపు ఓక్ కర్ర స్తంభాలున్నాయి సిరిల్. పాత కట్టడాలను కాపాడే ఆఫీసు నుంచి ఒకావిడ వస్తోంది, ఆలోగా అవి కనబడాలి. ఆవిడ కూడా కాదంటే ఈ వయసులో మనం ఏ వీధిన పడతాం? పై గది గోడ పని నువ్వు చూడు."

"నీకు పిచ్చెక్కింది. నా వల్ల కాదు." సిరిల్ విసవిసా మెట్లెక్కి పోయాడు.

ఐవీ ఒక్కతే కొట్టింది. అరచేతులు బొబ్బలెక్కి చితికాయి. ఏడుస్తూనే కొట్టింది. చివరికి బొగ్గులాంటి నల్లటి స్తంభాలు బయటపడ్డాయి. వాటిని కావిలించుకుంది.

అంతలో ఆఫీసు నుంచి మిస్ హాలమ్ రానే వచ్చింది. స్తంభాలను తడిమి చూసి నిట్టూర్చింది.

"పాతవే మిసెస్ టాల్బట్. కానీ ఈ లడ్లో ఊళ్ళో ఏ వీధికెళ్ళినా ఇలాంటివే. వీటిని చూపించి నేను ఆపించలేను."

"అంత మాట అనకండి! మీకు దణ్ణం పెడతాను, ఇంకాస్త చూడండి." ఐవీ పెళ్ళల కుప్ప మీదే కూలబడింది.

మిస్ హాలమ్ కాలికి ఒక పెళ్ళ తగిలింది. తీసి గోటితో గీకింది. సున్నం రాలి ఎర్రటి పువ్వు, పచ్చటి తీగ కనబడ్డాయి. ఆవిడ గోడకేసి చూసింది.

"ఇది... ఈ గోడదేనా?"

"అవును. ఏం?"

"బొమ్మలు! నాలుగు వందల ఏళ్ళ కిందట సత్రంవాళ్ళు గోడల నిండా వేయించిన బొమ్మలు. ఇవి గోడకే ఉండుంటే మంత్రి దిగొచ్చినా ఈ ఇంటి మీద చెయ్యి వేయలేడు. ఈ ముక్కలతో ఇప్పుడేం చేయను? ఇలాంటి గోడ ఇంకోటుందా? ఒక్కటంటే ఒక్కటి చాలు!"

ఐవీకి ప్రాణం లేచొచ్చింది.

"ఉంది! పై గదిలో! దాన్నెవరూ ముట్టుకోలేదు!"

ఇద్దరూ మెట్ల దగ్గరికి పరుగెత్తారు. పైనుంచి సిరిల్ దిగుతున్నాడు. నెత్తి నుంచి బూట్ల దాకా తెల్లగా ఉన్నాడు. ముఖం నిండా నవ్వు.

"ఇక ఏడవకు ఐవీ. నీ మాట ఎప్పుడు తీసేశాను? చిన్న పెళ్ళ కూడా మిగలకుండా పై గోడంతా ఒలిచేశాను!"