ముప్పై రెండో తారీకు

కొత్త కంప్యూటర్లో పాత టైమ్‌షీట్ ప్రోగ్రామ్ కూడా నడవాలన్నాడు అవినాష్. నానక్‌రామ్‌గూడ ఆఫీసులో దాన్ని ఇంకా తెరిచేది అతనొక్కడే.

దాన్ని ఎక్కించడానికి వచ్చిన యశస్విని దాంట్లో పడ్డ తప్పుల జాబితా చూసి నవ్వింది.

"ఏంది సార్, దినాం ముప్పై రెండో తారీకు కొడుతున్నరు? ఏడాది సంది గిదే తప్పు. కొత్తదాంట్ల తారీకు దానంతటదే పడ్తది. పాతది తీసేయనా?"

"వద్దండీ, ఉండనివ్వండి."

ఆమె వెళ్లాక అవినాష్ మళ్లీ ముప్పై రెండు కొట్టాడు. ఆ ప్రోగ్రామ్ రాసిన పక్కసీటు స్నేహితుడు, తప్పు కొట్టినప్పుడు అతణ్ణి ఆటపట్టించడానికి పెట్టిన మాట తెర మీదికొచ్చింది.

"జర నిమ్మళంగ కొట్టురా. చాయ్ తాగినవా?"

వాడు పోయి ఏడాదైంది.

"ఇంకా లేదురా" అన్నాడు అవినాష్.

'సరే' నొక్కితే ఆ మాట పోతుంది. నొక్కలేదు.